లొట్టి మీద తడక

మాఘం చలి. రాజ్‌బారీ పొలం గట్టున
తొఫాజ్జల్ గీసిన ఈతచెట్టు
రాత్రంతా బొట్టు బొట్టుగా కారింది.
మొదటి గుటక మాత్రం అతనిది కాదు.

"అది పురుగా, దయ్యమా?"
ఆలేయా బేగం అడిగింది, నలభయ్యో నాడు.
ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పురుగు కాదమ్మా. ఆకలి లేదు, ఊపిరి లేదు,
సొంత పొయ్యి కూడా లేదు దానికి.
చిన్న చీటీ, చుట్టూ ఓ పొర. అంతే.
మన కణంలో దూరి
మన పిండితో, మన నిప్పు మీద
తన చీటీనే వేలసార్లు రాయించుకుంటుంది.
రాతలో ఎక్కడో ఒత్తు జారుతుంది.
తప్పులన్నీ దాదాపు చెత్తకే.
ఏ ఒక్కటో
మన తాళంలో తిరుగుతుంది.

గబ్బిలంలో అది ఏనాటి నుంచో కాపురముంది,
గొడవ లేకుండా.

"మరి మా లొట్టిలోకెందుకొచ్చింది?"

నేను బట్టీ పొగ వైపు చూశాను.
ఆమే అంది:
"అక్కడ మేడి తోపుండేది.
నిరుడు కొట్టేసి ఇటుక కాల్చారు.
ఈ గదీ ఆ ఇటుకలే."

మాట్లాడుతూనే వెదురు తడక అల్లుతోంది,
లొట్టి మూతికి.
కొడుకు ఎన్ని చెట్లు గీస్తాడన్నాను.
నలభై.
వెదురు ముప్పైకి వస్తుందట.