అయిదో కాలు

బస్సు దిగగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి.
వెనకెవరో నవ్వారు.
కొత్తవాళ్లంతా ఇలాగే ముక్కు పట్టుకుని నిలబడిపోతారట.
గేటు మీద అంకెలు ముప్పైఒకటి అంటున్నాయి
ముందొక చిన్న గీతతో.
ఆ గీత ఇంత పొడుగని
ఇలోయిలోలో నాకెవరూ చెప్పలేదు.

కార్డు కోసం ఫొటో తీశారు.
మూడు విమానాల నిద్ర కళ్ల కింద వాచి ఉంది.
రెనాంతె ఫావిలా, పైపు వెల్డరు, రక్తం ఓ పాజిటివ్.
గోబీలో నా గురించి ఎవరికైనా తెలియాల్సింది
మెడలో వేలాడేంతే.

సీ బ్లాకు, పద్నాలుగు.
కంటెయినరుకి కిటికీ కోసి, తలుపు బిగించి
గది అన్నారు.
మంచం ఒకటి, మనుషులిద్దరం.
పగలు దవాసురెన్ పడుకుంటాడు, గని ట్రక్కు తోలేవాడు.
రాత్రి నేను.
ఎవరి దుప్పటి వాళ్లదే గాని
పరుపు మధ్యలో గుంట మాత్రం అతనిదే.
నాకంటే పొడుగు, నాకంటే బరువు,
ఎడమకి ఒత్తిగిలి పడుకునే మనిషి.
మొదటి రాత్రంతా ఆ గుంట అంచునే పడుకున్నాను,
జారితే ఎవరింట్లోనో పడతానన్నట్టు.

మెస్సులో గొర్రెమాంసం వాసన.
అన్నం ఉందా అంటే ఉంది, దానికీ అదే వాసన.
వడ్డించే త్సెండ్‌మా గరిటెతో టీ పోసింది.
ఉప్పు!
చక్కెర డబ్బా అనుకుని పొరబడిందేమోనని చూశాను.
ఆమె నా మొహం చూసి ఇంకో గరిటె పోసింది.
ఉప్పు మళ్ల గట్ల మీద పెరిగినవాణ్ణి.
అది ఇంత దూరం నన్ను వెతుక్కుంటూ వస్తుందని,
అదీ పాలల్లో మునిగి వస్తుందని అనుకోలేదు.

గాలి ఒక్క దిక్కు నుంచే వీస్తుంది, విసుగు లేకుండా.
గ్లవ్ తీసి నట్టు ముట్టుకున్నాను, ఒక్క రెప్పపాటు.
వేలు తిరిగొచ్చింది, చర్మం రాలేదు.
'ముందు సెగ చూపించి తర్వాత అతుకు.
చల్లటిదాన్ని అతికితే రాత్రికల్లా పగులుతుంది'
అన్నాడు ఫోర్‌మన్.
పైపు గురించే అన్నాడు.

నాలుగో రోజు బల్ల మీద, కాగితంలో, తెల్లటి రాళ్లు.
కొరికితే పన్ను జివ్వుమంది.
పెరుగు! ఎండి రాయైన పెరుగు.
బుగ్గన పెట్టుకుంటే అరగంటకి
పుల్లగా లొంగింది.
బదులుగా రెండు ఎండుచేపలు పెట్టి పనికెళ్లాను.
సాయంత్రానికి చేపలు లేవు.
కిటికీ బార్లా తెరిచి ఉంది
ఆ చలిలో.

తలవైపు గోడకి టేపుతో అంటించిన బొమ్మ,
రంగు పెన్సిళ్ల గుర్రం.
నిద్ర పట్టనప్పుడు కాళ్లు లెక్కపెట్టేవాణ్ణి.
ఎటునుంచి మొదలుపెట్టినా అయిదే.

తొమ్మిదో రోజు ఇసుకా మంచూ కలిసి లేచాయి.
రాత్రి డ్యూటీ రద్దు.
తాడు పట్టుకుని, కళ్లు మూసుకుని బ్లాకు చేరి
తలుపు తీస్తే, మంచం మీద
ఆ గుంట కొలతలకి సరిగ్గా సరిపోయే మనిషి.
లేచి నిలబడ్డాడు. నువ్వు పడుకో అన్నట్టు చెయ్యి చూపాడు.
నేనూ చూపాను.
ఇద్దరం కాసేపు ట్రాఫిక్ పోలీసులమయ్యాం.
చివరికి చెరో అంచునా కూర్చున్నాం,
గుంట మా మధ్య ఖాళీగా.

గుర్రం వైపు చూపించి అయిదు వేళ్లూ చాపాను.
అతను నవ్వాడు, పొట్ట కదిలేలా.
ఒక పిడికిలి పెట్టి, దాని వెనక
ఇంకో చిన్న పిడికిలి దాచాడు.
అయిదో కాలు గుర్రానిది కాదు,
తల్లి చాటున నిలబడ్డ పిల్లది.
మిగతా పిల్ల మనకి కనబడదు, అంతే.
తనూ మొదట్లో లెక్కపెట్టి లెక్కపెట్టి
ఫోన్ చేసి కూతుర్నే అడిగాడట.

తెల్లవార్లూ హీటరు టకటకలాడింది.
పొద్దున రిపేరు పుస్తకంలో రాయబోతే
'గది ఎవరిది' అని ఒక గడి.
'నాది' అని రాసి, కొట్టేసి, 'మాది' అని రాశాను.
క్లర్కు ఒప్పుకోలేదు, పేరు ఉండాలట.
రెండు పేర్లూ రాశాను.
గడి చాలక
రెండోది గీత దాటి అవతలికి పోయింది.