వేరు దగ్గరి వంపు

అలసూరు సందులో మా నాయన అంగడికి
తుంపర్లో సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు బ్రదర్ కెవనా.
వానకోటు లోపల్నుంచి
దాచిన చేపను తీసినట్టు
ఒక కర్ర తీశాడు.

మడమ దగ్గర చీలింది.
చుట్టూ రేకు పట్టీ, నాలుగు మొలలు.
"హాకీ కట్టె గాదే ఇది," అన్నాడు నాయన,
"గరిటె మాదిరి ఉంది."

ఆయనకు తెలుగు రాదు. నాయనకు ఇంగ్లీషు రాదు.
మధ్యలో ఐదో తరగతి దుబాసీని నేను,
సగం తెలిసి, సగం కల్పించి.

నాయన కర్రను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
గోటితో గీశాడు. కంటికి ఆనించి వారగా చూశాడు.
తేకు కాదు, మద్ది కాదు, సిల్వర్ ఓక్ అసలే కాదు.
"ఆవిరి పట్టి వంచింది గాదురా.
చెట్టే వంగింది.
వేరు నేలలోకి తిరిగే చోట కోసినారు.
నార చూడు, యాడా తెగలేదు."
నేను నోరు తెరవకముందే
ఆ వేలి వెంట చూస్తూ తల ఊపాడు బ్రదర్.

స్టూలు మీద కూచుని చెప్పాడు.
ఆటంతా ఒక గ్లాసు టీ చల్లారేలోపు అయిపోయింది:
ఏడేళ్లు తన జిల్లాకు ఆడాడట.
హర్లింగ్. బంతి నేల మీద కాదు, గాలిలో పోతుందట,
కర్రలు తలకాయల మీద కలుస్తాయట.
"ఎన్ని గోల్సు కొట్టినాడో అడుగు."
అడిగాను.
ఒక్కటీ లేదు.
గోలు ముందర నిలబడి, పడనీయకపోవడమే తన పనట.
నాయన కాసేపు ఉండి
"తలుపు," అన్నాడు.
"డోర్," అన్నాను.
బ్రదర్ కెవనా టీ ఒలికేదాకా నవ్వాడు.

చివరి మూడేళ్లూ మఠంలో చేరాక ఆడినవి.
సన్యాసి మైదానంలోకి దిగరాదని కట్టడి.
అందుకే పిన్ని కొడుకు పేరుతో దిగాడు: టామ్ బ్రీన్.
ఫైనల్ రోజు కొండంత జనం అరిచింది ఆ పేరే,
పేపర్లో పడిందీ ఆ పేరే.
ఒక్క పాయింటుతో ఓడారు.
ఆ పై నెలలో ఓడ ఎక్కించారు.

"మరి మీరే ఆడినట్టు రుజువేంది?"
ఈ ప్రశ్న నాదే, నాయనది కాదు.
ఎడమచేతి చిటికెన వేలు చూపించాడు.
రెండో కణుపు దగ్గర అది పక్కకు చూస్తోంది.

శనివారాలు ఎర్రమట్టి మీద మాకు హాకీ నేర్పేవాడు.
కర్ర భుజం దాటితే ఫౌల్ అని విజిల్ వేసేది ఆయనే.
బంతి పైకి లేచిందా,
విజిల్ పట్టుకున్న ఆ చెయ్యే భుజం దాటేది.

నాయన శిడ్లఘట్ట నుంచి కంబళిచెట్టు మొద్దు తెప్పించాడు,
పట్టుపురుగులకు ఆకులిచ్చి ఇచ్చి ముసలైంది,
వేరుతో సహా తవ్వించి.
పదకొండు రోజులు చెక్కాడు.
ఒక డాక్టరుగారి బీరువా తలుపుల్లేకుండా ఎదురుచూసింది.
కూలి అడగలేదు. ఎందుకని అమ్మ అడిగితే
"ఆ వంపు నేను చేసిందా?" అన్నాడు.

బ్రదర్ దాన్ని చేతిలో తూచి, వీధిలోకి నడిచి,
తాడు చుట్టిన బంతిని ఎగరేసి కొట్టాడు.
పావురాలన్నీ ఒకేసారి లేచాయి.
బంతి సాపర్ల గోడ దాటి పోయింది.

వెతకడానికి నేను పోయాను.
తడిసిన గడ్డి. తుపాకీతో ఒక సెంట్రీ.
"ఎవడ్రా కొట్టింది?"
నోటికి ముందొచ్చింది చెప్పాను:
టామ్ బ్రీన్.