పూస గుచ్చినట్టు కాదు

పూస గుచ్చినట్టు చెప్పమంటోంది సౌదామిని.
ఎలా చెప్పను,
తెగిన చోటునుంచి కదా మొదలవ్వాలి.

శనివారం పొద్దున్న, సీబర్న్ దాటాక
మెట్రో రైలు ఒక్కసారి భుజం విదిలించింది.
ఒళ్ళో పెట్టె మూత లేచింది.
టైన్‌మౌత్ సంతకని మూడు రాత్రులు కూర్చుని గుచ్చిన హారం
రైలుపెట్టె అంతా అయింది.

అరవై నాలుగు పూసలు.
ఏడు పచ్చవి, ఒక తెల్లది, మళ్ళీ ఏడు, మళ్ళీ ఒకటి.
నేను లెక్క తప్పే మనిషిని కాను.
వారానికి ఐదు రోజులు కార్ల ఫ్యాక్టరీలో
తలుపుకీ చట్రానికీ మధ్య సందు కొలుస్తాను.
అర మిల్లీమీటరు ఎక్కువైతే ఎర్ర చీటీ.
నా చీటీకి జాలి లేదని లైన్లో పేరు.

అసలీ పని నాకు అంటుకున్నదే ఒక తెగడం వల్ల.
తన నల్లపూసలు స్వెటర్ జిప్పులో ఇరుక్కుని తెగితే
సండర్‌లాండ్‌లో ఎవరికివ్వాలో తెలీక
పక్కింటి డోరీన్ తలుపు తట్టాం.
"ముందు తువ్వాలు పరుచుకో, పెట్, దొర్లకుండా" అంది.
ఆవిడకి పోస్ట్‌మానూ పెట్టే, పిల్లీ పెట్టే, నేనూ పెట్టే.
తర్వాత ఆదివారం సీహామ్ ఒడ్డుకి తీసికెళ్ళింది.
ఎప్పటిదో సీసాల ఫ్యాక్టరీ, మిగిలిన గాజంతా సముద్రంలో పారబోసిందట.
వందేళ్ళు నమిలి నమిలి
గులకరాళ్ళ మధ్య ఉమ్మేస్తోంది సముద్రం,
పచ్చగా, తెల్లగా, మంచు పట్టిన కిటికీలా.
"ఇలా చెయ్యాలని ఎవరూ అనుకోలేదు"
వెలుతురుకి ఎత్తి పట్టుకుని అంది డోరీన్.
నేను వినలేదు. సైజుల వారీగా ఏరుకుంటున్నాను.

రైల్లో జనం వంగారు.
ఎర్ర తెల్ల చారల మఫ్లర్ల కుర్రాళ్ళు ముగ్గురు
మోకాళ్ళ మీద సీట్ల కిందికి దూరారు.
కూరల సంచీతో ఒక పెద్దావిడ
వంగలేక, చెప్పుతో ఒకదాన్ని ఆపి,
నావైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది.
స్టేషన్లో తలుపు తెరుచుకున్నప్పుడల్లా
నా ప్రాణం అటు దొర్లింది.
ఒక పాప తన గులాబీ ఉన్ని గ్లవ్ తిరగేసి
నా దోసిట్లో కుమ్మరించింది, బిస్కెట్ పొడితో సహా.

మాన్యుమెంట్‌లో రైలు మారాలి. ఏరి పేర్చే టైము లేదు.
జేబులో దారం తీసి
వచ్చినవి వచ్చినట్టే గుచ్చాను.
తెల్లవి రెండు పక్కపక్కన, ఆపైన పదకొండు పచ్చవి.
ఎవరి చెయ్యి తర్వాత ఎవరి చెయ్యో, అదే వరస.
లెక్కపెట్టాను. అరవై నాలుగు.
హమ్మయ్య అనుకున్నానా,
అందులో ఒకటి గుండీ!
బూడిద రంగు, నాలుగు కన్నాల చొక్కా గుండీ.
ఎవరిదని అడిగితే
పెట్టెలో అందరూ తమ గుండెలవైపు చూసుకున్నారు.
ఎవరిదీ కాదట.
నా పచ్చపూస ఒకటి మాత్రం నల్లపూసైంది.

సంతలో, తడిసిన కుక్కతో ఒక పొడుగావిడ
తిన్నగా ఉన్న నా హారాలన్నీ దాటేసి
దీని దగ్గర ఆగింది.
బొటనవేలితో మెల్లగా తడుముతూ పోయి
గుండీ దగ్గర నవ్వింది.
"మా చెల్లికి ఇలాంటిదే ఇంకొకటి చేస్తారా?"
నోరు తెరిచి మూశాను.
దానికి ఆ మలుపు కావాలి. ఆ గ్లవ్ కావాలి.
వంగలేని ఆవిడ కావాలి.
"కుదరదండీ" అన్నాను.
పద్దెనిమిది పౌన్లు. గుండీకి డబ్బు తీసుకోలేదు.

సోమవారం ఒక తలుపు వచ్చింది, సందు కాస్త ఎక్కువ.
మామూలుకంటే ఎక్కువసేపే చూశాను.
ఎర్ర చీటీ అంటించాను.
కారు తలుపుకి ఈ వేదాంతం పనికిరాదు,
లోపల వాన కురుస్తుంది.

ఇవాళ బట్టలు ఉతుకుతుంటే
నా ప్యాంటు మడతలోంచి రాలిందట,
అరచేతిలో పెట్టుకొచ్చింది సౌదామిని
పచ్చటి చుక్క, సబ్బు వాసనతో.
ఏమిటిది, పూస గుచ్చినట్టు చెప్పు అంటోంది.

సరే, కూర్చో.
ముందు గుండీ.