అరవయ్యో గీత

డిసెంబరు ఇరవై. లెర్విక్ వీధిలో
పదకొండవుతున్నా దీపాలు ఆర్పలేదెవరూ.
మందుల షాపులో నేను
డి విటమిన్ సీసాలు సర్దుతున్నాను.
ఈ ఊళ్లో ఎండని చుక్కల లెక్కన అమ్ముతాం.

ఐనా హాల్‌క్రో వచ్చింది.
ఎనభై నాలుగేళ్లు, చంకలో ఊలు సంచీ.
చీటీ నా చేతిలో పెట్టి
కుర్చీలో కూర్చుందో లేదో సూదులు కదిలాయి.
"మీ బందరులో ఎండ దండిగా ఉంటుందటగా?"

ఉంటుంది. పదహారో గీత మాది.
నడినెత్తిన కుంచంతో పోసినట్టు కాస్తుంది.
ఇక్కడెందుకు కాయదో చూపిద్దామని
టార్చి తీసి కౌంటరు మీద నిటారుగా వేశాను:
రూపాయి బిళ్లంత వెలుగు, కళ్లు చెదిరేలా.
మెల్లగా వంచాను.
బిళ్ల సాగి సాగి దోసకాయయింది,
వెలవెలబోయింది.
అదే బ్యాటరీ, అదే వెలుగు.
గరిటెడు పిండినే
రెండు పెనాల మీద రాస్తే ఏమవుతుంది మరి!

ఐనా నవ్వింది.
"దీనికి టార్చి ఎందుకయ్యా" అని
అల్లుతున్న టోపీ ఎత్తి చూపింది.
అంచు దగ్గర నూట నలభై నాలుగు కుట్లు.
అది భూమి నడుమనుకో.
పైకి పోయేకొద్దీ అక్కడక్కడా రెండు కలిపి ఒకటి చేస్తుంది.
ఇదిగో, ఇక్కడ డెబ్భై రెండు. సరిగ్గా సగం.
"ఇక్కడున్నాం మనం."
ఇంకా పైన ఎనిమిదే మిగిలినప్పుడు
దారం దూర్చి లాగేస్తుందట.
ఆ చిల్లు మూసుకున్న చోట నిలబడితే
తూర్పు లేదు, పడమర లేదు,
ఏ వైపు అడుగేసినా కిందికే.
ఆర్నెల్లు పగలు, ఆర్నెల్లు రాత్రి;
కోడి ఎన్నిసార్లు కూయాలో కోడికే తెలియదు.

"కానీ గీత అన్నీ చెప్పదులే," అంది తనే,
వాళ్లన్న మాగ్నస్ గురించి.
పదిహేడో ఏట తిమింగలాల ఓడెక్కి
దక్షిణ జార్జియా వెళ్లాడు. టోపీకి అవతలి సగం.
యాభై నాలుగో గీతేనట,
అంకె చూస్తే మనకంటే ఎండకి దగ్గర.
అక్కడ కొండలకు కొండలే మంచు,
విరిగి సముద్రంలో పడుతుంటే రాత్రంతా ఉరుములు.
ఇక్కడేమో జనవరిలోనూ గొర్రెలు గడ్డి కొరుకుతాయి.
మనల్ని వెతుక్కుంటూ గోరువెచ్చని నీళ్లు
సముద్రానికి అడ్డంపడి వస్తాయి.
ఆ దిక్కు చుట్టూ మాత్రం
చన్నీళ్లు గిరికీలు కొడుతూ
వెచ్చదనాన్ని గడప తొక్కనివ్వవు.
మాగ్నస్ కుడి చెవి కొస అక్కడే వదిలి వచ్చాడు.
చలి కొరికేసింది.
అందుకే ఈ టోపీకి
కుడి రెక్క బెత్తెడు పొడుగు,
ఏ పటంలోనూ లేని వంకర.

పన్నెండు దాటింది. మబ్బు కాస్త చీలింది.
దక్షిణాన నీళ్లకి బెత్తెడెత్తున
సూర్యుడు.
బందరులో మధ్యాహ్నపు ఎండ గడప దగ్గరే ఆగిపోయేది.
ఇక్కడిది ఒంగి ఒంగి లోపలికొచ్చి
కౌంటరు దాటి, అరలు దాటి,
సీసాలన్నిటినీ ఒక్కొక్కటే తడిమి
వెనక గోడ మీద, ఎప్పుడూ వెలుగు పడని
పాత క్యాలెండరు దాకా వెళ్లింది.

ఐనా అటు మొహం తిప్పి కళ్లు మూసుకుంది.
సూదులు ఆగాయి.
తర్వాత, లెక్క తప్పిందని గొణుక్కుంటూ
మళ్లీ అంచు నుంచి మొదలుపెట్టింది.