నుదుటి మరక

భూమి నుంచి ఉత్తరం వచ్చింది.
మంచుని లెక్కగట్టే ఆవిడ రాసింది:
మీరు పంపిన పదిహేడు ఫోటోల్లో
కుడివైపు పైమూల ఒకటే మబ్బు.
ఆండీస్ మీద అదే. ఆరల్ ఇసుక మీద అదే.
నడిసముద్రం మీదా అదే.
గాలికి కదలని ఆ మబ్బు పేరేమిటి?

కిటికీ దగ్గరికి తేలి
టార్చిలైటు ఏటవాలుగా కొట్టి చూశాను.
మబ్బు కాదు, జిడ్డు.
ఎవరో అద్దానికి నుదురు ఆనించి
చాలాసేపు ఉండిపోయారు.
ముడతలు కూడా పడ్డాయి, మూడు గీతలు.

మతేవుష్ అటుగా వచ్చాడు, చంకలో గొట్టంతో.
మా ఉచ్చని మంచినీళ్ళు చేసే యంత్రం
పొద్దున్నించీ అలిగింది.
ఏ పొద్దున అని అడక్కండి,
మాకు రోజుకి పదహారు.
"నాది కాదు," అన్నాడు అడక్కముందే,
"పొట్టివాణ్ణి, అంతెత్తు అందదు."
పైనా కిందా లేని ఈ ఇంట్లో
అతనికింకా తన ఎత్తు గుర్తుంది.

ఓద్నీదే అయ్యుండాలి.
పోయిన నెల దిగిపోయింది.
మా దారి అంత ఉత్తరానికి పోదు.
వాళ్ళ ద్వీపం ఎప్పుడూ భూమి చివర
గిన్నె అంచుకి అంటిన మెతుకులా
కనపడీ కనపడకుండా ఉండేది.
మేం కూర పొట్లాలు కత్తిరించుకుంటుంటే,
తప్పిపోయిన చెంచా దీపాల దగ్గర తిరుగుతుంటే,
ఆమె లెన్సులన్నీ పక్కకి తోసి
మెడ వంచి, అద్దానికి నుదురు నొక్కి
ఇంకో వేలెడు ఉత్తరం కోసం చూసేది.
ఒక్క ఫోటో తియ్యలేదు.
"వంకరగా వస్తుంది, వద్దు" అనేది.

సాయంత్రం నడుముకి తాళ్ళు కట్టుకుని
పరుగుపట్టీ మీద రెండు గంటలు.
ఇక్కడ చెమట రాలదు,
ఒంటినే పట్టుకుని వణుకుతుంది.
తువ్వాలు ఆరేస్తే ఆ తడి కూడా యంత్రానికే,
తర్వాత మా టీలోకే.
ఓద్నీ చెమట ఎన్ని కప్పులు తాగానో.

రేపు మా గడియారంలో నాలుగూ నలభై రెండుకి
బల్ఖాష్ మీదుగా పోతాం.
సగం తీపి, సగం ఉప్పు, ఒకే సరస్సు, మాది.
ఎండాకాలం పైనుంచి చూస్తే
పాలు కలిపిన నీలం ఒక పక్క, సిరా నీలం ఒక పక్క.
ఇప్పుడంతా గడ్డకట్టి తెలుపు.
రాగి కొలిమిలో రాత్రి పని దిగి
మా అక్క సల్తానత్
అమ్మమ్మ ఎర్రబొంత మంచు మీద పరుస్తుందట.
"నీ కెమెరా గొప్పేంటో చూద్దాం" అంది.
నాలుగు మీటర్ల నేల నా కెమెరాకి ఒక చుక్క.
బొంత రెండు మీటర్లు.
చెప్పలేదు. చెప్తే
వీధిలో బొంతలన్నీ అడిగి తెస్తుంది.

నుదుటి రాత తుడిస్తే పోదంటారు.
మా ఊళ్ళోనూ అదే మాట.
పోయింది, మెత్తటి గుడ్డతో రెండు తుడుపులకి.
గుడ్డని చెత్తలో వెయ్యబుద్ధి కాలేదు.
మడిచి నిద్రసంచి జేబులో పెట్టాను,
ఎందుకంటే ఏం చెప్పాలో తెలీదు.

నాలుగూ నలభై రెండు.
కాళ్ళు కమ్మీకి మెలేసి, ఊపిరి బిగబట్టి,
సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల చొప్పున
జారిపోతున్న ఊరిని
కెమెరాతో వెనక్కి లాగుతూ
నలభై సార్లు నొక్కాను.
పొగగొట్టం నీడ వచ్చింది.
రేవు వచ్చింది.
రేవు పక్కన ఒక చుక్క
మిగతా తెలుపుకన్నా కాస్త ఎర్రన.
మతేవుష్ దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి
"సెన్సరు లోపం" అన్నాడు.
నేనేం అనలేదు.

రాత్రి ఫోన్లో అక్క:
"చలికి పది నిమిషాలే నిలబడ్డాను.
నువ్వెప్పుడు పోయావో తెలీనే లేదు.
ఎవరి కుక్కో వచ్చి బొంత మీద పడుకుంది,
అదీ పడిందా?"
పడిందన్నాను.

మంచు ఆవిడకి జవాబు ఇంకా బాకీ.
ఆ మబ్బుకో పేరు రాయాలి.
రాద్దామని కిటికీ దగ్గరికి వెళ్తే
అద్దం మీద మళ్ళీ మరక,
ఈసారి కిందగా,
పొట్టివాడి ఎత్తులో.

అవతల యంత్రం గురగురమంటోంది.
నీళ్ళు వచ్చినట్టున్నాయి.