వాడిన అద్దం

నేను అద్దాలు కోస్త.
షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
అల్మారా తలుపులకు, మంగలి షాపులకు,
ఒక్కోసారి లిఫ్టులకు.
పదమూడేండ్లాయె. బొటనవేలు మీద ఆరు గీతలు,
ఏ గీత ఏ ఆర్డరుదో యాదికున్నది.

అందుకే ఫోన్ల ఆ ఫోటో కాడ ఆగిన.
ఎనిమిదంగుళాల గుండ్రటి అద్దం
నల్లటి గొట్టం అడుగున, బాయిల నీళ్ల లెక్క.
"టెలిస్కోపు. వాడినది. ఒక స్క్రూ లేదు.
దేశం విడిచి పోతున్నం."
వేలం ముగిసేది గురువారం, రాత్రి పదకొండూ నలభైకి.

పాట నాకు కొత్త కాదు.
మా రూముల నెలకోసారి చిట్టీ పాడుతం,
బియ్యం డబ్బా చుట్టూ కూసొని.
మొకం చూస్తే తెలుస్తది
ఎవనికెంత అక్కెర, ఎక్కడ ఆగుతడు.
గంగనర్సు గొంతు సవరించుకున్నడంటే
ఇంక తెగలేడన్నట్టు.

ఇక్కడ మొకం లేదు.
ఒక అక్షరం, మూడు చుక్కలు, ఒక అంకె.
నేను మూడొందల పది అంటే
చుక్కలు మూడొందల ఇరవై అన్నయ్.
ఎవరో ఏమో.
నిద్ర పట్టనోడా, బిడ్డకు మాటిచ్చినోడా,
కొని మళ్ల అమ్ముకునేటోడా?
మూడొందల తొంభై.
ఒకటోసారి అనేటోడు లేడు, డప్పు మీద దెబ్బ లేదు.
నాలుగొందల ఐదు నొక్కిన.
పదకొండు సెకన్లుండె.
దుప్పట్ల నాకు నేనే మెల్లగ అనుకున్న
మూడోసారి అని.

శుక్రవారం అజ్మాన్ పోయిన.
లిఫ్టు ఖరాబు. నాలుగో అంతస్తు.
బాబికర్ సారు, సూడాన్ మనిషి,
బడిల ఫిజిక్సు చెప్పేటోడట.
ఇంటి నిండ అట్టపెట్టెలు.
చాయ్ గిలాస ఎడమచేత్తో ఇయ్యబోయి
కుడిచేతికి మార్చుకొని ఇచ్చిండు.
"ఖార్టూమ్ పోతున్నరా?" అన్న.
"ఖార్టూమ్ కాదు" అన్నడు. అంతే.

గొట్టంల తొంగి చూసిన.
అద్దం మీద సన్నటి గీతలు,
మేం తుడిచే దిక్కుకు ఎదురు తిరిగినయ్.
అద్దాన్ని ఉత్త బట్టతోని తుడవొద్దు,
షాపుల పిల్లగాండ్లను దినాం తిట్టేది దానికే.
యాభై తగ్గించుమని నోటిదాక వచ్చింది.
అప్పుడే ఆయన ఐపీసు తెచ్చిండు,
పసిపిల్ల సాక్సుల చుట్టి.
"ఇది కూడ వేలంలదేనా సార్?"
"అది నీకు ఫ్రీ" అన్నడు, నవ్వకుంట.
నాలుగొందల ఐదూ లెక్కపెట్టి ఇచ్చిన.

క్యాంపు మిద్దె ఎక్కనియ్యరు.
షాపు ఎనుక, పగిలిన గాజు కుప్పల నడుమ
కొంచెం చీకటి ఉంటది.
లేని స్క్రూ జాగల
అల్మారా కబ్జాది ఒకటి బిగించిన. సరిపోయింది.
చానసేపు దుమ్మే కనవడ్డది, సిమెంటు లారీలు లేపింది.
తర్వాత ఒక చిన్న పసుపు చుక్క,
చుక్కకు చెవులు.
కాదు, ఉంగరం.

గంగనర్సు కన్ను పెట్టి, తీసి,
గొట్టం మూతి తడిమి చూసిండు.
"లోపట బొమ్మ అతికిచ్చిన్రు" అన్నడు.
మళ్ల చూసి, "అరే, జరుగుతున్నది" అన్నడు.
జరిగేది మనమే అన్న.
ఆయన కాళ్ల కింద చూసుకున్నడు.

పువ్వు వాడుతది. చెప్పు వాడుతం.
రెంటికీ ఒకటే మాట ఎందుకు పెట్టిన్రో.
శని వెలుగు శనిది కాదట,
సూర్యునిది. ఆ రాళ్లు ముందుగాల వాడుకున్నయ్,
సారు గీతల మీద పడి నాకొచ్చింది.
ఏం వాడలేదు మరి.

నేను అమ్మే రోజూ వస్తది.
వీసాకున్నట్టే దీనికీ తారీఖుంటది.
అప్పుడు ఉన్నదున్నట్టు రాస్త:
వాడినది. గీతలున్నయ్, ఎడమచేతివి.
స్క్రూ ఉన్నది గని అల్మారాది.
చీకటి మీరే చూసుకోవాలె.
సాక్సు ఫ్రీ.