రీలు గాజులు

పురసవాక్కంలో మాకు ఎండే దీపం.
తెల్లపంచెలు పైన కట్టి
మంగతాయారత్త కెమెరా పిడి తిప్పేది,
పెదాల్లోనే లెక్క.
మబ్బు పడితే రాజూ రాణీ
కిరీటాలతోనే బొరుగులు తినేవారు.

ఏడుపు సీనులో నాతో అనేది:
"గొంతెందుకే, భుజాన్ని ఏడవనీ."

తొమ్మిది బొమ్మలు తీసింది.
మాటలొచ్చాక
డబ్బాలన్నీ తూకానికి కొన్నాడు షావుకారుపేట సేటు.
వెండి కడిగేసుకుని
మిగిలిన రీలు కరిగించి గాజులు చేయించాడట.

మూర్‌మార్కెట్లో అత్త డజను కొంది,
అణా తగ్గించమని గొడవపడి మరీ.
ఒకదాన్ని ఎండకు పెట్టి చూసింది.
ఏమీ లేదు. ఆకుపచ్చ.

గాజుగాజుల్లా మోగేవి కావవి.
అంట్లు తోముతుంటే టక్కుమనేవి.
ప్రతిసారీ తలెత్తేది,
ఎవరో పిలిచినట్టు.